హన్మకొండ చౌరస్తా దుకాణదారులకు: మాకు ఒక అరుగు కావాలి

హన్మకొండ చౌరస్తా చుట్టూ, అటు నయీంనగర్ దాకా, ఇటు నక్కలగుట్ట దాకా బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు, గాజుల కొట్లు, కిరాణాలు, టిఫిన్ సెంటర్లు, బేకరీలు నడుపుతున్న అన్నలకు, అక్కలకు నమస్కారం.

నేను కుమార్‌పల్లిలో ఉంటాను. ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పెళ్ళయి ఈ ఊరికి వచ్చి 22 ఏళ్ళయింది. ఈ 22 ఏళ్ళలో మా ఇంట్లో కట్టిన చీరలు, తొడిగిన చెప్పులు, పిల్లల స్కూలు బ్యాగులు, మా ఆడపడుచు పెళ్ళి సామాను, సంక్రాంతి సకినాలకు నువ్వులు, వాము, అన్నీ మీ దగ్గర కొన్నవే. మీలో కొందరు నన్ను చూడగానే "రా అక్కా" అంటారు. ఒకరిద్దరికి మా పిల్లల పేర్లు కూడా తెలుసు. ఆ చనువుతోనే రాస్తున్నాను.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి చాలా ఉన్నాయి. అవి వేరేగా అడుగుతాను. మిమ్మల్ని అడిగేదానికి టెండరు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు, ఎలక్షన్ల దాకా ఆగే పని లేదు. మీ దుకాణం ముందు ముగ్గురు కూర్చునేంత జాగా, లోపల బాత్రూమ్ తలుపు తాళంచెవి. అంతే.

అసలు ఈ చౌరస్తా అంటే నాకు ఎంత ఇష్టమో ముందు చెప్తాను, లేకపోతే ఇదంతా ఫిర్యాదు అనుకుంటారు. పొద్దుగూకి లైట్లు పడ్డాక ఇక్కడ నడుస్తుంటే రోజంతా పిల్లల మీద అరిచిన గొంతు నొప్పి కూడా మర్చిపోతాను. మిర్చి బండి దగ్గర నూనె కాగే చప్పుడు ముందు వినిపిస్తుంది, తర్వాత వాసన వస్తుంది. పచ్చిమిరపకాయను నిలువునా చీల్చి, వాము కలిపిన చింతపండు గుజ్జు కూరి, శనగపిండిలో ముంచి ఒక వాయి తీసి పక్కన పెడతారు. మనం అడిగాక మళ్ళీ నూనెలో వేసి, ముక్కలు కోసి, పైన ఉల్లిగడ్డ చల్లి నిమ్మకాయ పిండి ఇస్తారు. ఆ రెండోసారి వేయించడంలోనే ఉంది రుచి అంతా. నాలుగడుగులు వేస్తే గప్‌చుప్ బండి. వానాకాలంలో బొగ్గుల మీద మక్క కంకులు, ఎండాకాలంలో తాటి ముంజలు, చెరుకు రసం, దసరా ముందర గంపల్లో సీతాఫలాలు, సంక్రాంతికి రేగుపండ్లు. క్యాలెండర్ చూడకుండా ఇది ఏ నెలో చెప్పాలంటే ఈ రోడ్డు మీద ఒకసారి నడిస్తే చాలు. రెండేళ్ళకోసారి మేడారం జాతర దగ్గరపడితే కిరాణాల ముందు బెల్లం దిమ్మలు గుట్టలు పోసి ఉంటాయి, మన దగ్గర దాన్ని బంగారం అంటాం. ఆ బెల్లం వాసనే జాతరకు డప్పు కొట్టినట్టు ఉంటుంది నాకు.

మా గల్లీ చివర ఒక అక్క సాయంత్రం సర్వపిండి చేసి అమ్ముతుంది. మా అమ్మగారింట్లో దాన్ని తపాలచెక్క అనేవాళ్ళం. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం కలిపి, నూనె రాసిన గిన్నెకు లోపల అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో బొట్టుబొట్టుగా నూనె పోస్తుంది. గిన్నె అంచున ఎర్రగా కాలిన పెచ్చు ఉంటుంది చూడండి, దాని కోసం మా చిన్నోడు రోజూ కొట్లాడతాడు. ఏ పెద్ద హోటల్లోనూ ఆ పెచ్చు దొరకదు.

ఇంత ఉంది ఈ ఊళ్ళో. తినడానికి ఉంది, తాగడానికి ఉంది, కొనడానికి ఉంది. కూర్చోడానికి మాత్రం లేదు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పేపర్ ప్లేటు, చంకలో పర్సు, వెనక నుంచి ఆటో హారన్. మేం తినే మిర్చి ప్రతిసారీ ఇట్లాగే తింటాం.

పోయిన బతుకమ్మకు జరిగింది చెప్తాను. ఆ దుకాణం పేరు చెప్పను. వాళ్ళొక్కరి తప్పు అని నేను అనుకోవడం లేదు, అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

ఇంట్లో ఆడపిల్లలకు, మాకు చీరలు తీద్దామని మా అత్తమ్మను తీసుకుని వచ్చాను. ఆమెకు 71 ఏళ్ళు. షుగర్ ఉంది, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. అయినా చీరల బేరం అంటే ఆమె లేకుండా మేం ఎవ్వరం కదలం. చీర కొంగు చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కసారి రుద్ది నేత చెప్పేస్తుంది. మూడంతస్తుల దుకాణం. గంటన్నర అయింది. నాలుగు చీరలు పక్కన పెట్టించాం. నా చెవి దగ్గరకు వచ్చి మెల్లగా "బిడ్డా, బాత్రూమ్ ఎటు?" అని అడిగింది. నేను కౌంటర్ దగ్గర అడిగాను. "స్టాఫ్‌కే ఉందమ్మా, అది కూడా పైన" అన్నాడు ఆ పిల్లాడు. చెప్తుంటే వాడి ముఖం చిన్నబోయింది, వాడిని నేను ఏమీ అనలేకపోయాను. ఎవరినైనా అడగమంటే ఓనర్ లేడన్నాడు. ఈలోపు అత్తమ్మ బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. వాచ్‌మన్ వచ్చి "అమ్మా, దారికి అడ్డం అవుతది, లెవ్వండి" అన్నాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఆమె లేచిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పక్కన పెట్టించిన చీరలు అక్కడే వదిలేసి ఆటో ఎక్కి బస్టాండ్‌కు వెళ్ళాం. హన్మకొండ బస్టాండ్ దగ్గరలో ఉంది కాబట్టి పరువు దక్కింది. ఆటోలో ఆమె నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక ఒకే మాట అంది. "ఇగ నేను రాను బిడ్డా. నువ్వే చూసి తే."

ఏడాది కావస్తోంది. ఆమె మళ్ళీ చౌరస్తాకు రాలేదు.

ఈ సంగతి మా స్టాఫ్ రూమ్‌లో చెప్తే ఒక్కొక్కరూ తమ కథ మొదలుపెట్టారు. బజారుకు పోయే రోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తాం అని ఒక మేడమ్ చాలా మామూలుగా చెప్పింది. అందరూ తలూపారు. నేనూ ఊపాను. 22 ఏళ్ళుగా నేనూ అదే పని చేస్తున్నానని అప్పుడే తట్టింది. పెళ్ళి షాపింగ్ అయిన వారం రోజులకు యూరిన్ ఇన్ఫెక్షన్‌తో డాక్టర్ దగ్గరకు పోయినవాళ్ళు మాలోనే ఇద్దరున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు, నెలసరిలో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఏం చేస్తారో వేరే చెప్పాలా? చేతికున్న పని సగంలో ఆపేసి ఇంటికి పోతారు. మీ బేరం కూడా సగంలోనే ఆగిపోతుంది.

మగవాళ్ళకు ఈ ఊళ్ళో కూర్చోడానికి జాగా ఉంది. మా ఆయన, ఆయన దోస్తులు ఒక చాయ్ హోటల్లో వన్ బై టూ చెప్పుకుని గంటసేపు మాట్లాడుకుంటారు. ఎవరూ లేవమనరు. ఇందులో నాకు కోపం లేదు, ఆ గంట ఆయనకు అవసరం. మందు తాగేవాళ్ళకైతే వైన్స్ పక్కనే పర్మిట్ రూమ్ ఉంటుంది, కుర్చీలు ఉంటాయి, పైన ఫ్యాన్ తిరుగుతుంటుంది, దానికి సర్కారు ఫీజు కట్టించుకుని అనుమతి ఇస్తుంది. తాగి కూర్చోడానికి ఒక గది ఉండాలని ఎవరో ఆలోచించారు. సంచులు మోసుకుంటూ నడిచే ముసలామె రెండు నిమిషాలు కూర్చోడానికి ఒక బల్ల ఉండాలని మనం ఇంకా ఆలోచించలేదు. ఈ మాట రాస్తుంటే నాకు బాధగానే ఉంది.

నయీంనగర్ వైపు హాస్టళ్ళలో ఉండే ఆడపిల్లలను చూడండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు ఊళ్ళ నుంచి చదువుకోడానికి వచ్చినవాళ్ళు. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చినప్పటి నుంచి ఈ ఊరు పిల్లల ఊరే అయింది, అంతకుముందే 1959 నుంచి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఇప్పటి ఎన్ఐటీ, ఉంది. సాయంత్రం హాస్టల్ గేటు మూసేలోపు వాళ్ళకు దొరికేది గంట, గంటన్నర. ఆ గంటలో ఒక ప్లేటు గప్‌చుప్, ఒక హెయిర్ క్లిప్పు, ఇంటికి ఒక ఫోన్. ఫోన్ మాట్లాడుతూ కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడతారు. పరీక్ష పోయిందని అమ్మతో చెప్పుకుని ఏడ్చే పిల్లను ఒకసారి నేనే చూశాను, ఒక చెప్పుల షాపు షట్టర్ పక్కన, ముఖం గోడకు తిప్పుకుని నిలబడి ఉంది. ఆ పిల్లకు అక్కడ ఒక బెంచి ఉంటే బాగుండేది. పక్కన నేను కూడా కూర్చునేదాన్ని.

కొత్తగా నక్కలగుట్ట, హంటర్ రోడ్డు వైపు కాఫీ షాపులు వచ్చాయి. ఏసీ ఉంటుంది, మెత్తటి సోఫాలు ఉంటాయి, బాత్రూమ్ శుభ్రంగా ఉంటుంది. మా అమ్మాయి పుట్టినరోజుకు వెళ్ళాం, బాగుంది. కానీ అక్కడ కూర్చోడానికి కట్టే ధర మా ఇంట్లో నాలుగు రోజుల పాల ఖర్చు. భద్రకాళి చెరువు కట్ట ఉంది, వడ్డేపల్లి చెరువు కట్ట ఉంది, పబ్లిక్ గార్డెన్ ఉంది. ఆదివారం పొద్దున అవి హాయి. సౌదా కోసం చౌరస్తాలో మూడు గంటలు తిరిగే మనిషికి చెరువు కట్ట మీది బెంచితో ఏం లాభం? కాళ్ళు నొప్పి పుట్టేది ఇక్కడ కదా.

నేను అడిగేది కొత్తది కాదు. మీ వ్యాపారంలో ఒకప్పుడు ఉన్నదే. అత్తమ్మ కోడలిగా హన్మకొండ వచ్చినప్పుడు దుకాణాలకు ముందు అరుగులు ఉండేవట. బట్టల దుకాణంలోకి పోతే చెప్పులు బయట విడిచి, తెల్లటి గుడ్డ పరిచిన పరుపు మీద కూర్చోవాలి. ముందు చెంబుతో నీళ్ళు వచ్చేవి. తర్వాత "ఏం జూపియ్యాలె అమ్మా" అనేవాడు సేటు. ఒక్క రైక ముక్క కొన్నా అదే మర్యాద. బయట అరుగు మీద ఎవరెవరో కూర్చునేవాళ్ళు, ఊరి నుంచి వచ్చి బస్సు కోసం చూసేవాళ్ళు, మధ్యాహ్నం సద్ది విప్పుకుని తినేవాళ్ళు. సేటు వాళ్ళను కూడా నీళ్ళు కావాలా అని అడిగేవాడట. అరుగు మీద కూర్చున్నవాడు ఇవాళ కొనకపోయినా రేపు పెళ్ళి బట్టలకు ఆ దుకాణానికే వస్తాడని ఆయనకు తెలుసు. రోడ్లు వెడల్పయ్యాయి, అరుగులు పోయాయి. పరుపుల చోట గాజు కౌంటర్లు వచ్చాయి. కౌంటర్‌కు అవతల మీ పిల్లలు నిలబడతారు, ఇవతల మేం నిలబడతాం.

ఇంకా వెనక్కి పోతే మన కాకతీయుల దగ్గరే ఉంది. రామప్ప గుడికి పోయినప్పుడు చూసే ఉంటారు, రంగమంటపం చుట్టూ కూర్చోడానికి వీలుగా రాతి అరుగు కట్టారు. కక్షాసనం అంటారు దాన్ని. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిల్పాలు చూసి అందరూ ఫొటోలు తీసుకుంటారు, నేను మాత్రం ప్రతిసారీ ఆ అరుగు మీద చెయ్యి పెట్టి చూస్తాను. అంత నల్లరాయిని అంత నున్నగా చెక్కినవాళ్ళు, నడిచి వచ్చినవాళ్ళకు కాళ్ళు నొస్తాయన్న సంగతి కూడా మర్చిపోలేదు. మన చౌరస్తాకు కూతవేటు దూరంలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఉంది. ఎంగిలిపూల బతుకమ్మ రోజు ఆ గుడి ముందు ఎంతమంది ఆడవాళ్ళు చేరతారో మీకు నేను చెప్పాలా? వాళ్ళలో సగం మంది ఆ వారం రోజుల్లో మీ దుకాణం గడప తొక్కి ఉంటారు.

ఎండాకాలం చలివేంద్రాలు పెట్టేది కూడా మీలో చాలామందే కదా. కొత్త కుండలు తెచ్చి, ఎర్రగుడ్డ చుట్టి, పైన తాటాకులు కప్పి, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ నీళ్ళిస్తారు. వాళ్ళు మీ కస్టమర్లా కాదా అని మీరు ఏనాడూ అడగలేదు. ఆ మనసే నాకు ధైర్యం. నీళ్ళు పోసిన చేత్తోనే కూర్చోమని కూడా అనండి.

బండ్ల వాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే వాళ్ళకూ మీకూ మధ్య అప్పుడప్పుడు జాగా గురించి గొడవలవుతాయని నాకు తెలుసు.

చౌరస్తా దగ్గర పూలు అమ్మే ఒక అమ్మ ఉంది. బతుకమ్మ రోజుల్లో తెల్లవారక ముందే గునుగు, తంగేడు కట్టలు గోనె సంచిలో మూటగట్టుకుని ఊరి నుంచి మొదటి బస్సుకు వస్తుంది. మామూలు రోజుల్లో బంతి, చామంతి, మల్లె. పక్కన ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ బాటిల్ నిండా నీళ్ళుంటాయి. ఒక మే నెల మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆమె దగ్గర మల్లెలు కొంటూ చూశాను. ఆ నీళ్ళు పూల మీద చల్లుతోంది. బాటిల్ సగానికి వచ్చింది. ఒక్క గుక్క ఆమె నోట్లో పడలేదు. "నువ్వు తాగవేందమ్మా?" అన్నాను. నవ్వింది. "తాగితే యాడికి పోవాలె బిడ్డా" అంది. పెదవులు పగిలి ఉన్నాయి. మల్లెపూలు మాత్రం అప్పుడే కోసినట్టు తడితడిగా ఉన్నాయి. ఆ రోజు కొన్న పూలు నేను తలలో పెట్టుకోలేకపోయాను, దేవుడి దగ్గర పెట్టాను.

వీధి వ్యాపారుల కోసం 2014లో కేంద్రం ఒక చట్టం చేసింది. సర్వే పూర్తిచేసి, అందరికీ అమ్ముకునే సర్టిఫికెట్ ఇచ్చే దాకా వాళ్ళను వెళ్ళగొట్టకూడదని అందులో ఉంది. దాని కింద ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న వాళ్ళే ఉండాలి, ఆ వ్యాపారుల్లో కనీసం మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఆ కమిటీలో వర్తక సంఘాలకు కూడా చోటుంటుంది. అంటే మీరూ వాళ్ళూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. పూలమ్మ అంటే నాకు ఎంత గౌరవమో మీరన్నా అంతే గౌరవం. మీ దుకాణం ముందు ఆమె గంప ఉండబట్టే పండుగ పూట జనం అక్కడ ఆగుతారు. ఆగినవాళ్ళే మీ లోపలికి వస్తారు. ఆమెకు మీ బాత్రూమ్ తాళంచెవి ఇస్తే మీ దుకాణానికి ఒక కాపలా మనిషి దొరికినట్టే.

మీ దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల మాట కూడా ఎత్తకుండా ఉండలేను. నా దగ్గర చదువుకున్న పిల్లలు వాళ్ళలో ఉన్నారు. పొద్దున పదింటికి వచ్చి రాత్రి దాకా నిలబడే ఉంటారు. పండుగ సీజన్‌లో ఇంకా ఎక్కువ. ఒక పిల్ల నన్ను గుర్తుపట్టి "టీచర్" అని నవ్వింది, మాట్లాడుతూ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటోంది. చీలమండలు వాచి ఉన్నాయి. కస్టమర్లు లేనప్పుడు కూర్చోవచ్చు కదా అంటే, కూర్చుంటే బాగుండదంటారు టీచర్ అంది.

కేరళలో కోళికోడ్‌లో మిఠాయి తెరువు అని పేరున్న బజారు వీధి ఉంది, మన చౌరస్తా లాగే బట్టల దుకాణాలు, తినుబండారాల దుకాణాలు. అక్కడ సేల్స్ పనిచేసే ఆడవాళ్ళకు బాత్రూమ్‌లు లేవు, కూర్చోడానికి లేదు. విజి అనే ఒక దర్జీ పనిచేసే ఆమె వాళ్ళను కూడగట్టి పెన్‌కూట్టు అని ఒక సంఘం పెట్టింది. ముందు బాత్రూమ్ కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకు కూర్చునే వసతి ఇవ్వాల్సిందే అంది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే చేసింది. అక్కడ ఆడవాళ్ళు రోడ్డెక్కితే వచ్చింది. ఇక్కడ అంతదాకా ఎందుకు రావాలి? రేపు పొద్దున దుకాణం తెరిచేటప్పుడు కౌంటర్ వెనక నాలుగు స్టూళ్ళు వేయిస్తే సరిపోతుంది. మా పిల్లలు కూర్చుని ఉన్నారని మేం మీ దుకాణం మానేస్తామా? వాళ్ళ ముఖం తేటగా ఉంటే ఇంకో చీర తీయమని అడగడానికి మాకే మనసొస్తుంది.

మీరు ఏమంటారో నేను ఊహించగలను. బెంచి వేస్తే పనీపాటా లేనివాళ్ళు వచ్చి కూర్చుంటారు అంటారు. రాత్రి షట్టర్ వేసేటప్పుడు బెంచి లోపల పెట్టుకోండి. పగలు ఎవరైనా కూర్చుంటే కూర్చోనివ్వండి, పనీపాటా లేని మనిషికి కూడా కాళ్ళు ఉంటాయి. ఆడవాళ్ళు కూర్చున్న చోట తాగినవాడు ఎక్కువసేపు కూర్చోడు, ఇది మీకూ తెలుసు.

జాగా లేదంటారు. ఫుట్‌పాత్ మీద చీరలు కట్టిన బొమ్మలు ఎన్ని ఉన్నాయో ఒకసారి బయటికి వచ్చి లెక్కపెట్టండి. బొమ్మలు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాయి, మనుషులం రోడ్డు మీద నడుస్తున్నాం. రెండు బొమ్మలు లోపలికి పోతే ముగ్గురు మనుషులు కూర్చుంటారు.

బాత్రూమ్ సంగతి కష్టమే, ఒప్పుకుంటాను. ఊడ్చి కడిగే మనిషి కావాలి, నీళ్ళు కావాలి, అందరూ శుభ్రంగా వాడరు. అందుకే ఊరికే ఇమ్మని అనడం లేదు. దక్షిణ ఢిల్లీలో 2017 ఏప్రిల్ నుంచి హోటళ్ళు, రెస్టారెంట్లు తమ బాత్రూమ్‌లను బయటివాళ్ళకు కూడా ఇవ్వాలని అక్కడి కార్పొరేషన్ చెప్పింది, కావాలంటే 5 రూపాయల దాకా తీసుకోవచ్చంది. మీరూ తీసుకోండి. ఐదు కాదు, పది తీసుకోండి. మేం బస్టాండ్ దాకా ఆటోకు అంతకన్నా ఎక్కువే పెడుతున్నాం. ఒక్కొక్క దుకాణం ఒంటరిగా చేయలేకపోతే వరుసలో ఉన్న ఐదారు దుకాణాలు కలిసి ఒకటి చూపించండి, కడిగే మనిషి జీతం పంచుకోండి. బయట ఒక చిన్న బోర్డు పెట్టండి, "ఆడవాళ్ళకు బాత్రూమ్ ఉంది" అని. సేల్ బోర్డు అంత పెద్దగా అక్కర్లేదు. మా కళ్ళు దాన్ని ఎంత దూరం నుంచైనా పట్టుకుంటాయి. అట్లాంటి బోర్డు పెట్టిన దుకాణం పేరు మా స్టాఫ్ రూమ్‌లో, మా పొదుపు సంఘంలో, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది. పేపర్లో మీరిచ్చే యాడ్ కంటే తొందరగా తిరుగుతుంది ఆ కబురు.

టిఫిన్ సెంటర్లు, మిర్చి బండ్లు నడిపేవాళ్ళకు ఒక్క మాట. రెండు స్టూళ్ళు వేయండి, కాస్త ఎత్తైనవి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు పొట్టి స్టూలు మీద నుంచి లేవలేరు. చెయ్యి కడుక్కునే డ్రమ్ము దగ్గర ఒక సబ్బు ముక్క పెట్టండి. అంతకన్నా మిమ్మల్ని ఏమీ అడగను, మీ కష్టం నాకు తెలుసు.

బతుకమ్మ మళ్ళీ వస్తోంది. అత్తమ్మ ఈసారి చీర వద్దంటోంది, ఉన్నవి చాలంటోంది. నాకు తెలుసు, ఆమెకు చీర మీద మోజు పోలేదు. మొన్న నేను తెచ్చిన చీర కొంగు పట్టుకుని అదే బొటనవేలితో రుద్ది, "నేత మంచిగ లేదు బిడ్డా, నేనుంటే తీసుకోనియ్యకపోదును" అంది.

మా ఇంట్లో ఒక టేకు బెంచి ఉంది. మా మామయ్య ఉన్నప్పుడు ఇంటి ముందు వేసేవారు, దారిన పోయేవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఆయన పోయాక మేడ మీద పడేశాం, ఎండకు ఒక కాలు బీటలు వారింది. పోయిన ఆదివారం వడ్రంగిని పిలిచి ఆ కాలు మార్పించాను, పాలిష్ పెట్టించాను. ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు. మీలో ఎవరు ముందుగా సరే అంటే వాళ్ళ దుకాణం ముందుకు నేనే ట్రాలీ ఆటోలో వేయించి తీసుకొస్తాను. దాని మీద మొదట కూర్చునేది మా అత్తమ్మ, పక్కన ఆ పూలమ్మ. అందుకు మాత్రం మీరు ఒప్పుకోవాలి.

ఇట్లు,
మీ దగ్గర 22 ఏళ్ళుగా కొంటున్న
కుమార్‌పల్లి టీచరమ్మ